కృష్ణదేవిపేట సమాధివనము

(శ్రీ అల్లూరి సీతారామరాజు వర్ధంతి దినమున కృష్ణదేవిపేటలో చేసిన ఉపన్యాసము)



ఈ మండువేసవిలో, ఈ తాండవనదీ ప్రాంతమున, మనమందరము ఒక సమాధిచుట్టు కూడియున్నాము. ఊరిపెద్దలును, పాఠశాలల పిల్లలును, కొండలు దిగి నడచివచ్చిన మన్యపు సోదరులును, నర్సీపట్నమునుండి వచ్చిన పురజనులును ఒక్కచోట కూర్చుండియుండుట చూచి నా హృదయము నిండుచున్నది. ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిన పెద్దలకు నా వందనములు. సమాధియొద్ద మాటలాడుట తేలికపని కాదు. పూలమాల వేసి, చేతులు జోడించి, జయజయధ్వానములు చేసి వెడలిపోవుట తేలిక. ఇందు శయనించియున్నవాడు మనలనేమి యడుగుచున్నాడో విని బదులుచెప్పుట కష్టము. ఆ కష్టమునకు నేడు కొంత పూనుకొందును. ఓర్పుతో వినవలయునని వేడుచున్నాను.

మూడు రాకలు

సీతారామరాజు 1897వ సంవత్సరము జూలై 4వ తేదీన పాండ్రంగిలో జన్మించెను. ఆయన పూర్వుల గ్రామము పశ్చిమగోదావరి మండలములోని మోగల్లు. ఆయన బాల్యము పలుచోట్ల గడచెను. అయినను ఆయన పేరు చెప్పగానే తెలుగువారికి స్ఫురించు నూళ్లలో ఈ కృష్ణదేవిపేట ముఖ్యమైనది. ఈ యూరి చరిత్రలో నిలిచిపోయిన ఆయన రాకలు మూడు.

మొదటి రాక 1917వ సంవత్సరమున. అప్పటికాయనకు ఇరువదేండ్లు. దేశమంతయు తిరిగి, తీర్థములు సేవించి, తపస్సునందును వైద్యమునందును మనసునిలిపిన యువకుడొకడు ఈ యూరు చేరెను. చిటికెల భాస్కరుడు ఆయన నాదరించెను. ఊరివారు తాండవయొడ్డున ఆయనకు నివాసమేర్పరచిరి. ఆ చోటికి శ్రీరామవిజయనగరమని పేరు పెట్టుకొనిరి. కొండజనము రోగములు చెప్పుకొనుటకును, తగవులు తీర్చుకొనుటకును ఆయనయొద్దకు వచ్చుచుండిరి. సహాయనిరాకరణము దేశమున వ్యాపించిన దినములలో ఆయన వారికి కల్లుసారాయములు మానుడనియు, కోర్టులకు పోక పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడనియు బోధించెను. అధికారులకు అనుమానము పుట్టుటకు అంతమాత్రము చాలెను.

రెండవ రాక 1922వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన. ముందునాడు, అనగా 22వ తేదీన, చింతపల్లి ఠాణా ఆయన వశమయ్యెను. 23న ఈ కృష్ణదేవిపేట ఠాణా. 24న రాజవొమ్మంగి ఠాణా. మూడు దినములలో మూడు ఠాణాలు. ఆ మూటినుండి చేజిక్కిన తుపాకులు 26. తీసికొన్న ఆయుధముల వివరమును ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసి వెళ్లినాడని నేటికిని చెప్పుకొందురు. రాజవొమ్మంగి ఠాణాలో నిర్బంధములో నున్న మొట్టడము వీరయ్యదొరను విడిపించి తనతో తీసికొనిపోయెను. ఏ యూరివారు ఆయనను సన్న్యాసిగా ఎరిగియుండిరో ఆ యూరివారే ఆ దినమున ఆయనను సేనానిగా చూచిరి.

మూడవ రాక తలచుకొన్నచో నోట మాటరాదు. 1924వ సంవత్సరము మే 7వ తేదీన మంప ప్రాంతమున ఆయన పట్టువడెను. కొయ్యూరునకు కొనిపోయి, చెట్టునకు కట్టి, విచారణ లేకయే కాల్చివేసిరి. గూడాల్ అను సైనికాధికారి అందులకు బాధ్యుడు. ఏ న్యాయస్థానమునను ఆయన నిలువలేదు, ఏ న్యాయాధిపతియు ఆయన మాట వినలేదు. ఆ దేహమును మంచముపై మోయించి ఈ యూరికి తెచ్చిరి. మరునాడు, మే 8వ తేదీన, ఇచ్చట దహనముచేసిరి. అప్పటికాయనకు ఇరువదియేడేండ్లు నిండలేదు.

సాధువుగా వచ్చిన యూరికే సేనానియై వచ్చెను. సేనానియై వచ్చిన యూరికే కట్టెయై వచ్చెను. ఈ నేలకు గల మహత్త్వమిది.

అది పితూరియా, యుద్ధమా?

ఆనాటి ప్రభుత్వము దీనిని పితూరియని వ్రాసికొనెను. పితూరి యనగా చాడీ, ఫిర్యాదు, అల్లరి. పరిపాలకులు తమపై లేచిన యుద్ధమును యుద్ధమని యెన్నడును ఒప్పుకొనరు. ఒప్పుకొన్నచో ఎదుటివాడు సమానుడగును. అందుచేత చిన్నపేరు పెట్టుదురు. పేరు చిన్నదైనను దానిని అణచుటకు చేసిన యేర్పాటులు చిన్నవికావు. మలబారునుండి ప్రత్యేకపోలీసుదళమును రప్పించిరి. అది చాలక అస్సాము రైఫిల్సు సైనికులను దింపిరి. కడపట రూథర్‌ఫర్డు అను వానిని ప్రత్యేకాధికారిగా నియమించిరి. రాజు తలకు 10,000 రూపాయల వెల కట్టిరి. ఈ కొండల నణచుటకు 40 లక్షల రూపాయలకు పైబడి వ్యయమయ్యెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. అల్లరి నణచుటకు ఎవరైన ఇంత వెచ్చింతురా?

అందులకు కారణములు మీ తాతలకు తెలియును. 1882వ సంవత్సరమున మద్రాసు అటవీచట్టము వచ్చెను. అంతవరకు కొండవాలున చెట్టుకొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తుచల్లి, రెండు మూడేండ్లు పండించుకొని మరియొక వాలునకు తరలిపోవుట వారి పోడువ్యవసాయము. ఆ చట్టముచేత తాతలనాటి సేద్యము నేరమయ్యెను. పశువు మేపుట, వంటకట్టెలు తెచ్చుకొనుట కూడ అధికారి దయకు లోబడెను. 1879-80 సంవత్సరములలో రంప ప్రాంతమున పెద్ద తిరుగుబాటు జరిగియుండెను. జీలుగుకల్లుపై విధించిన పన్ను అందులకొక కారణము. నలుబదియేండ్లు గడచినను బాధ తగ్గలేదు. నర్సీపట్నమునుండి కొండలమీదికి బాటవేయు పనిలో మన్యపువారిచేత తక్కువకూలికి చాకిరిచేయించిరి. గూడెపు డిప్యూటీ తహసీలుదారు బాస్టియను పేరు చెప్పిన ఆనాటివారు ఉమిసెడివారట. ముఠాదారులకును, మునసబులకును తరతరములుగా నున్న అధికారములు ఒక్కొక్కటియే పోయెను. బట్టిపనుకుల గ్రామపు గాము గంటముదొరయు, ఆయన తమ్ముడు మల్లుదొరయు ఈ యన్యాయముల నెదుర్కొన్నవారే.

ఇందులో మనము గమనింపవలసిన సంగతి యొకటి కలదు. సీతారామరాజు ఈ కొండలకు పోరును తెచ్చిపెట్టలేదు. పోరు ఇచ్చట ముందే యుండెను. ఆయన దానికి నాయకుడయ్యెను. ఈ భేదము చిన్నదని యెంచకుడు. నేను చెప్పదలచిన దంతయు దీనిపైననే నిలిచియున్నది.

ఆ యుద్ధమునకొక ధర్మముండెను. 1922 సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో పోలీసుదళము నడచిపోవుచుండెను. కొండమీద పొంచియున్నవారు ముందు నడచుచున్న మనదేశపు సిపాయిలను పోనిచ్చిరి. వెనుకవచ్చిన దొరలపై గురిపెట్టిరి. స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు అధికారులు మడిసిరి. అటుపిమ్మట అక్టోబరులో అడ్డతీగల ఠాణాపైకి తాను వచ్చుచున్నానని రాజు ముందుగా కబురుపంపెను. బాణమునకు మిరపకాయలును చీటియు కట్టి పంపెడి ఆ కబురునకు మిరపకాయ టపా యని పేరు వచ్చెను. చెప్పి వచ్చిన శత్రువును పట్టలేకపోయినందుకు ప్రభుత్వము పొందిన సిగ్గును మీరూహించుకొనవచ్చును.

ఆయన పట్టిన మార్గము గాంధిమహాత్ముని మార్గము కాదు. అయినను 1929లో మహాత్ముడు తన యంగ్ ఇండియా పత్రికలో, సాయుధమార్గమును తానంగీకరింపనని చెప్పుచునే, ఈ యువకుని ధైర్యమునకును త్యాగమునకును నివాళి యర్పించెను. మార్గమును గూర్చి తర్కించుకొనువారు తర్కించుకొందురుగాక. సమాధియొద్ద తలవంచుటకు ఆ తర్కము అడ్డురానక్కరలేదని మహాత్ముడే చూపెను.

రాతిపై చెక్కిన పేర్లు

ఇక ఈ వనమును గూర్చి చెప్పెదను.

దామనపల్లి కనుమలో మడిసిన ఆ ఇద్దరు దొరల గోరీలు నర్సీపట్నమున నున్నవి. వారి ప్రభుత్వము వారి మరణమును మరవలేదు. పేరును తేదీని రాతిపై నిలిపెను. వారిపై నేడు మనకు పగలేదు. తమ ఉద్యోగధర్మము చేయుచు దూరదేశమున మడిసిన యువకులు వారు. వారికిని తల్లులుండిరి. నేననునది వేరు. ఒక రాజ్యము తన తరపున చచ్చినవారి పేర్లు ఎట్లు వ్రాసికొనునో చూడుడు.

ఢిల్లీలో ఇండియాగేటు కలదు. మొదటి ప్రపంచసంగ్రామమునందును, అటుపిమ్మట ఆఫ్ఘను యుద్ధమునందును బ్రిటిషు సామ్రాజ్యముకొరకు ప్రాణములు విడిచిన భారత సైనికుల జ్ఞాపకార్థము దానిని నిర్మించి 1931లో ప్రారంభించిరి. దానిపై 13,000కు పైగా పేర్లు చెక్కియున్నవి. దాని సమీపముననే 2019 ఫిబ్రవరి 25వ తేదీన స్వతంత్రభారతము తన సైనికులకు జాతీయ యుద్ధస్మారకమును ప్రారంభించెను. అందు 25,000కు పైబడిన వీరుల పేర్లు ఒక్కొక్క రాతిపలకపై ఒక్కొక్కటిగా వ్రాసియున్నవి. మన విశాఖపట్టణపు సముద్రతీరమునను 1971 నాటి యుద్ధవిజయమునకు నిలిపిన స్మారకము కలదు. అమెరికా రాజధానియగు వాషింగ్టనులో వియత్నాము యుద్ధమున మడిసినవారికి 1982లో నల్లరాతిగోడ కట్టిరి. అందు 58,000కు పైగా పేర్లున్నవి. సేనానియని, సిపాయియని భేదములేదు, బిరుదులు లేవు, మడిసిన దినముల వరుసను పేర్లు మాత్రమే కలవు. కొడుకు పేరు వెదకికొని తల్లి ఆ రాతిని చేతితో తడవుకొనును. అంతటి గోడకు ఆ ఒక్క స్పర్శయే సార్థక్యము.

ఇప్పుడు మిమ్ములనొక ప్రశ్న యడుగుదును. కోపగింపకుడు. మన్యపు పోరాటములో సీతారామరాజుతో కలిసి నడచినవారి పేర్లు మీలో ఎందరు ఎన్ని చెప్పగలరు? గాము గంటముదొర, గాము మల్లుదొర యని వెంటనే చెప్పుదురు. మొట్టడము వీరయ్యదొర, అగ్గిరాజు అని మరికొందరు చెప్పుదురు. ఎండు పడాలు, గోకిరి ఎర్రేసు, బోనంగి పండుపడాలు అని చదువరులు చేర్చగలరు. అటుపిమ్మట? తిండి మోసినవారు, దారిచూపినవారు, కబురులు చేరవేసినవారు, సోదా వచ్చినపుడు దెబ్బలుతిని నోరువిప్పనివారు, ఇండ్లు కాలిపోయినవారు, చెరసాలలో మగ్గినవారు - వీరి పేర్లెవరు చెప్పగలరు? ఏకాంగిగా ఒక యువకుడు సామ్రాజ్యమును రెండేండ్లు ఎదిరింపగలడా? కొండయంతయు ఆయనకు కడుపుచాటున చోటిచ్చినది గనుకనే ఎదిరింపగలిగెను.

రాజ్యముగలవారికి పేర్లు వ్రాయు గుమాస్తాలుందురు, పట్టీలుందురు, పింఛనుపుస్తకములుందురు. ఈ కొండవీరులకు రాజ్యములేదు, పట్టీలేదు. వారి పేర్లను వ్రాసినవారు వారి శత్రువులే. ఆ పేర్లు పోలీసు దస్తరములలోను, ప్రత్యేక న్యాయస్థానపు తీర్పులలోను, చెరసాల పుస్తకములలోను ముద్దాయీల పేర్లుగా నున్నవి. ముద్దాయీల పట్టీని వీరుల పట్టీగా మార్చుట మన పని. మనము తప్ప మరియెవరును చేయని పని.

ఆ పనికి ఈ వనముననే ఒక ఆరంభము కలదు. ఇందు రాజు సమాధిచెంతనే గంటముదొర సమాధి కలదు. రాజు మడిసిన నెలదినములకే, 1924 జూనులో, గంటముదొరయు నేలగూలెను. నాయకుడొక్కడే మడిసియుండినచో ఆ నెలదినముల పోరునకు అర్థమేమి? నాయకుడు పోయిన వెనుకను పోరాడినవాడు తనకొరకు, తన కొండకొరకు పోరాడెనని ఆ రెండవ సమాధి నోరులేకయే చెప్పుచున్నది. ఇచ్చటికి వచ్చువారు మొదటి సమాధియొద్ద ఎంతసేపు నిలుతురో రెండవదానియొద్దను అంతసేపు నిలువవలెను.

ఆయన తమ్ముడు మల్లుదొర చరిత్రము వినినవారికి ఆశ్చర్యము కలుగకమానదు. పట్టువడి, ఉరిశిక్షపొంది, అది ప్రవాసశిక్షగా మారగా అండమానుల కేగి, బ్రతికి తిరిగివచ్చెను. 1952లో స్వతంత్రభారతపు మొదటి సాధారణ యెన్నికలలో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ముప్పదియేండ్లక్రింద ఏ ప్రభుత్వము ఆయన తలకు వెలకట్టినదో ఆ ప్రభుత్వము వెడలిపోయినది. ఆయన శాసనకర్తయై ఢిల్లీలో కూర్చుండెను. మన పాఠశాలల పిల్లలలో ఈ సంగతి ఎందరికి తెలియును? ఈ యొక్క కథ చాలదా, ఒక వనమునకు ప్రాణముపోయుటకు?

విగ్రహములు పెరిగినవి, జ్ఞాపకము పెరిగినదా?

రాజు పేరును దేశము మరవలేదు, అందులకు సంతోషింపవలెను. 1974లో ఆయన కథ చలనచిత్రమై తెలుగునాట ఇంటింట వినబడెను. 1986లో తపాలాబిళ్ల వెలువడెను. 2022 జూలై 4వ తేదీన, నూటయిరువదియైదవ జయంతినాడు, భీమవరములో 30 అడుగుల కంచువిగ్రహమును ప్రధానమంత్రి ఆవిష్కరించెను. మరుసటియేడు హైదరాబాదులో ఆ యుత్సవముల ముగింపుసభకు రాష్ట్రపతి వచ్చెను. 2022 ఏప్రిలు 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా ఆయన పేరనే ఒక జిల్లా ఏర్పడెను.

ఇక్కడనొక చిత్రమును చూడుడు. ఆయన నేలకొరిగిన కొయ్యూరు ఆయన పేరుగల జిల్లాలో చేరెను. ఆయన శయనించియున్న ఈ కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో చేరెను. జిల్లా గీటు ఆయన ప్రాణమునకును దేహమునకును మధ్యగా పోయినది. ఇది ఎవరి తప్పును కాదు. పరిపాలనకు గీటులు కావలెను. కాని దీనివలన మనమొకటి నేర్చుకొనవచ్చును. పేరు పెట్టుట వేరు, సమాధిని కాపాడుట వేరు. పేరు ఒక్క ఉత్తరువుతో వచ్చును. సమాధివనమును ప్రతిదినమును ఊడ్వవలెను, నీరుపోయవలెను, వచ్చినవారికి చెప్పవలెను. మొదటిది ప్రభుత్వము చేయగలదు. రెండవది ఊరివారు చేయనిదే జరుగదు.

వనములో నేమి యుండవలెను?

కొందరు నాతో ననిరి: "అయ్యా, ఉద్యానమనగా జనము నీడను కూర్చుండుటకు, పిల్లలు ఆడుకొనుటకు. దానిని చరిత్రతో బరువెక్కింపనేల?" ఈ మాటలో న్యాయము లేకపోలేదు. పిల్లల నవ్వు వినబడని స్మారకము శ్మశానమే. పిల్లలు ఇచ్చట ఆడుకొననిండు, స్త్రీలు మూటలు విప్పి చల్దియన్నము తిననిండు. రాజు దానికి సంతోషించును. అయితే ఆడుకొని ఇంటికిపోవు పిల్లవాడు ఒక్క పేరైనను, ఒక్క సంగతియైనను వెంట తీసికొనిపోవలెను. అట్టి యేర్పాటులు నాకు తోచినవి నాలుగు. పెద్దల యెదుట ఉంచుచున్నాను.

మొదటిది పేర్లరాయి. ఆనాటి మద్రాసు ప్రభుత్వపు కాగితములు నేటికిని చెన్నపట్టణపు పురాలేఖనశాలలో నున్నవి. తీర్పులున్నవి, శిక్షలున్నవి, గ్రామముల పేర్లున్నవి. ఓపికగల నలుగురు విద్యార్థులు ఒక్కయేడు కూర్చుండి వెదకినచో వందలకొలది పేర్లు దొరకును. వాటిని గ్రామములవారీగా, హెచ్చుతగ్గులు లేక, చెక్కింపవలెను. బగతయని, కోయయని, కొండదొరయని వేరుచేయక ఒక్కరాతిపైననే ఉంచవలెను. తమ ముత్తాత పేరును ఆ రాతిపై తడవుకొనుటకు కొండనుండి ఒక్క ముసలమ్మ దిగివచ్చినను ఈ వనము ధన్యమగును.

రెండవది చెట్లు. ఏ పట్టణపు తోటయందైనను కనబడు రంగుటాకుల మొక్కలు ఇచ్చటనేల? ఇప్ప, కరక, కుంకుడు, జీలుగు, అడ్డతీగ - ఇవి ఆ కొండవారి ఇంటిసామానులు. ఇప్పపువ్వు తిండి, అడ్డాకు విస్తరి, జీలుగు పానము, కరక మందు. ఏ చెట్టునుండి ఏది తీసికొనుట నేరమని ఆనాటి చట్టము చెప్పెనో ప్రతి చెట్టుమొదట చిన్నపలకపై వ్రాసియుంచుడు. నాలుగు చెట్లు దాటునంతలో పిల్లవానికి ఆ పోరాటము అర్థమగును. ఏ ఉపన్యాసకుడును అంత స్పష్టముగా చెప్పలేడు.

మూడవది పఠనమందిరము. ఒక్క గది చాలును. అందు ఈ పోరాటమును గూర్చిన పుస్తకములుండవలెను. వానితోపాటు నేటి చట్టములు తెలుగున నుండవలెను. మన్యపు భూమి ఇతరుల చేతికి పోకుండ కాపాడు 1970 నాటి ఒకటవ నిబంధనయు, ఆ భూములలో గనులను ప్రైవేటువారికి కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సమత దావాలో అత్యున్నత న్యాయస్థానమిచ్చిన తీర్పును, తరతరములుగా అడవిలో సాగుచేసికొనువారికి కుటుంబమునకు 4 హెక్టారులవరకు హక్కునిచ్చు 2006 నాటి అటవీహక్కుల చట్టమును అందుండవలెను. 1882లో పోయిన హక్కునకు జవాబు కొంతవరకైన 2006లో వచ్చెను. నడుమ గడచినది నూటయిరువదినాలుగేండ్లు. చట్టము కాగితముమీద నున్నంతమాత్రమున పొలము చేతికిరాదు. చదివి చెప్పువాడు కావలెను. సంతకు దిగివచ్చిన కొండసోదరుడు తన పట్టానుగూర్చి అడిగి తెలిసికొనగల చోటు ఈ సమాధిప్రక్కనే యుండినయెడల, ఒకనాడు తాండవయొడ్డున వారి తగవులు తీర్చినవాని పని నేటికిని సాగుచున్నదని యెంచవచ్చును.

నాలుగవది దినములు. జూలై 4 జయంతి, మే 7 వర్ధంతి మనకు కలవు. ఆ రెండును ఒక్క మనుష్యుని పుట్టుకకును మరణమునకును చెందినవి. ఆగస్టు 22, 23, 24 తేదీలు అందరికిని చెందినవి. ఆ మూడుదినములలో చింతపల్లినుండి ఇచ్చటికిని, ఇచ్చటినుండి రాజవొమ్మంగికిని బాలురును బాలికలును ఉపాధ్యాయులతో యాత్రచేయవలెను. ఆనాటివారు నడచిన త్రోవలలో తాము నడచిన పిల్లలకు ఆ చరిత్రము పాఠముగా చెప్పనక్కరలేదు; కాళ్లే నేర్చుకొనును. ఆ త్రోవల ఊళ్లలో ముసలివారి నోట ఇంకను మిగిలియున్న పాటలను, కథలను వ్రాసికొని రావలెను. ముసలివారు మనకొరకు వేచియుండరు. ఒక్కొక్కరు పోయినపుడెల్ల ఒక్కొక్క గ్రంథము కాలిపోవుచున్నది.

మన పని

ఇవన్నియు ప్రభుత్వము చేయవలెనని మీరనుకొనవచ్చును. ప్రభుత్వము తన వంతు చేయవలసినదే. రాళ్లకును, గదికిని ధనమియ్యవలసినదే. తాజంగియందు గిరిజన స్వాతంత్ర్యయోధుల మ్యూజియమును తలపెట్టుట మంచిపని. కాని పేర్లు తెచ్చుట ధనముతో నగుపని కాదు. అది మన ఇండ్లలో, మన గూడెములలో, మన పఠనమందిరములలో జరుగవలసిన పని.

నర్సీపట్నమునుండి వచ్చిన పురజనులకు ప్రత్యేకముగా నొకమాట మనవిచేయుదును. ఆ రోజులలో కొండలమీదికి బాట మీ యూరినుండియే పోయెను. తక్కువకూలికి చెమటోడ్చి ఆ బాట నేర్పరచినవారు కొండవారు. ఆ బాటమీదనే ఆనాడు సిపాయిలు పోయిరి. అటుపిమ్మట వ్యాపారులు పోయిరి. నేడు యాత్రికులు మంచు చూచుటకు లంబసింగికి పోవుచున్నారు. ఆ బాట ఋణము పట్టణములపైన నున్నది. పడమరగా ఇచ్చటికి వచ్చి ఒక్కదినము ఈ సమాధియొద్ద కూర్చుండుటతో ఆ ఋణము తీరదు గాని, తీర్చుటకు మొదలు పెట్టినట్లగును.

మహాజనులారా, నా ఉపన్యాసము ముగించుచున్నాను. ఒక్క కోరిక కోరి ముగింతును. మరల వచ్చు వర్ధంతినాటికి మీలో ప్రతివారును ఒక్క పేరు వెదకి తీసికొనిరండు. మీ తాతయో, మీ పొరుగువారి తాతయో, మీకు తెలిసిన గూడెములోని యెవరో - ఆ పోరులో నడచినవారు, మోసినవారు, బాధపడినవారు, చెరకు పోయినవారు. పేరును ఊరును ఒక కాగితముపై వ్రాసి తెండు. నిజమో కాదో విచారించి, నిజమైనవి పుస్తకమున కెక్కించెదము. నూరుగురు వచ్చినచో నూరుపేర్లు వచ్చును. పువ్వు సాయంకాలమునకు వాడిపోవును. పేరు వాడిపోదు.

ఈ సమాధిలోనివాడు తన పేరును మనము నిలిపినందులకు సంతోషించునో లేదో నేను చెప్పజాలను; ఆయన కీర్తినిగోరినవాడు కాడు. తనతో నడచినవారి పేర్లను మనము నిలిపినచో తప్పక సంతోషించును. వందేమాతరమ్.